అది తిప్పతీగేనని ఖాయంగా తెలుసా? తెలియకపోతే కోయొద్దు, కాచొద్దు

వానలు దిగాయి. ఇక తార్నాక, హబ్సిగూడ, లాలాపేట, మాణికేశ్వర్‌నగర్ వీధుల్లో జ్వరాలు మొదలవుతాయి. డెంగీ అన్న మాట చెవిన పడగానే చాలా ఇళ్లలో రెండు పనులు జరుగుతాయి. ఒకరు బొప్పాయి ఆకు దంచుతారు, ఇంకొకరు తిప్పతీగ కోసం బయల్దేరతారు. ఆ వెతుకులాట తరచుగా ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లోనే ముగుస్తుంది. పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు వేపచెట్టుకో, పాత ప్రహరీగోడకో పాకిన తీగను మూరెడు తెంపి సంచిలో వేసుకుంటారు. ఇంటికెళ్లి దంచి, మరిగించి, పరగడుపున తలా ఒక గ్లాసు తాగుతారు. హాస్టల్ విద్యార్థులు కూడా ఇదే చేస్తున్నారు.

ఈ వానాకాలం ఈ పని మానేయండి. తిప్పతీగ మీద కోపంతో ఈ మాట చెప్పడం లేదు. తరతరాలుగా మన వైద్యులు ఎంతో గౌరవించిన మొక్క అది. కానీ ఏ తీగ కోస్తున్నామో తెలియకుండా, అది ఏ నేలలో పెరిగిందో చూడకుండా, తాగే మనిషి ఒంట్లో ఏ జబ్బుందో అడగకుండా కషాయం కాస్తే అది వైద్యం అనిపించుకోదు. దాని దెబ్బ పడేది కాలేయం మీద.

ఇందులో ఊహాగానం ఏమీ లేదు. 2020లో కోవిడ్ కమ్ముకున్నప్పుడు రోగనిరోధక శక్తి పెరగాలని దేశమంతా తిప్పతీగ తాగింది. ఆ ఏడాది సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య ముంబైలో కాలేయ వైద్యుల దగ్గరికి 6 మంది కామెర్లతో వచ్చారు. ఆరుగురూ తిప్పతీగ వాడినవాళ్లే. వాళ్లలో ఒకరు చనిపోయారు. ఆ వివరాలు 2021లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. మరుసటి ఏడాది దేశంలోని 13 వైద్య కేంద్రాలు కలిసి ఇలాంటి 43 మంది రోగుల వివరాలు ప్రచురించాయి. ఆ పనిలో హైదరాబాద్ వైద్యులూ ఉన్నారు. తీగ తాగడం మొదలుపెట్టాక లక్షణాలు బయటపడటానికి పట్టిన మధ్యస్థ కాలం 46 రోజులు. ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. తాగిన మర్నాడే వాంతులైతే ఎవరైనా మానేస్తారు. నెలన్నర పాటు ఏమీ కాకపోతే మాత్రం ‘నాకు పడింది’ అనే ధీమా వస్తుంది. కళ్లు పచ్చబడినప్పుడు కారణం తీగేమోనన్న అనుమానం కూడా రాదు.

ఈ వాదనను ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. 2021 జులైలోనూ, 2022 ఫిబ్రవరిలోనూ ప్రకటనలు ఇచ్చింది. సరైన తిప్పతీగ సురక్షితమేననీ, దానిలాగే కనిపించే టైనోస్పోరా క్రిస్పా అనే మరో తీగను జనం పొరపాటున వాడి ఉండవచ్చనీ వాదించింది. కాలేయ వైద్యులు మాత్రం మొక్క సరైనదే అయినా కొందరి ఒంటికి అది హాని చేస్తోందని అంటున్నారు. రోగుల్లో చాలామందికి ఆటోఇమ్యూన్ లక్షణాలు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే ధోరణి, కనిపించాయి. కొందరికి తమకే తెలియని కాలేయ జబ్బు ముందే ఉంది. రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టే గుణం తిప్పతీగకు ఉంది. దానికోసమే మనం దాన్ని తాగుతున్నాం. అదే గుణం ఇలాంటివాళ్లకు ప్రమాదమవుతుంది.

పండితుల మధ్య ఈ తగువు తేలేదాకా తార్నాకలోని ఒక ఇల్లాలు ఏం చేయాలి? నన్నడిగితే ఇద్దరి మాటా వినాలి. ఆయుష్ చెప్పింది నిజమైతే మొక్కను గుర్తుపట్టడం ప్రాణావసరం. కాలేయ వైద్యులు చెప్పింది నిజమైతే తాగే మనిషిని ఎరగడం ప్రాణావసరం. క్యాంపస్‌లో తీగ తెంపుకొచ్చేటప్పుడు ఈ రెండూ జరగడం లేదు.

ముందు గుర్తుపట్టే సంగతి చూద్దాం. అసలు తిప్పతీగ ఆకు హృదయాకారంలో, నున్నగా, పొడవాటి తొడిమతో ఉంటుంది. ముదిరిన కాండం మీద కాగితంలాంటి పలచని తొక్క ఉంటుంది. గోటితో గీరితే అది ఊడి, కింద పచ్చటి కండ కనిపిస్తుంది. కాండం మీద చిన్న చుక్కలు ఉంటాయి కానీ పెద్ద బుడిపెలు ఉండవు. విరిస్తే పాలు కారవు. పువ్వుకు రేకులు ఆరు. పండు గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. టైనోస్పోరా క్రిస్పా కాండం బూడిదరంగులో ఉంటుంది. దాని నిండా దట్టంగా బుడిపెలు ఉంటాయి. విరిస్తే పాలలాంటి ద్రవం వస్తుంది. రేకులు మూడే. పండు కోలగా, నారింజ రంగులో ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాల్లో ఈ తీగను మందుగా వాడతారు. దాన్ని వాడినవాళ్ల కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య గ్రంథాలకెక్కాయి.

ఈ తేడాలు చదివి ఇక తెలిసిపోయిందనుకోవద్దు. లేత కాండం మీద బుడిపెలు సరిగా తేలవు. పూలూ పండ్లూ ఏడాది పొడుగునా ఉండవు. పైగా తిప్పతీగలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరు. మగ తీగకు ఎన్నేళ్లు చూసినా పండు కాయదు. ఎండాకాలంలో ఆకులు రాలిపోయి ఉత్త కాండమే మిగులుతుంది. ‘చేదుగా ఉంది కాబట్టి తిప్పతీగే’ అనే మాట చాలామంది నోట వింటాం. ఆ గుర్తు అస్సలు పనికిరాదు, క్రిస్పా కూడా చేదే.

హృదయాకారపు ఆకులున్న తీగలు ఈ రెండే కాదు. మన ఖాళీ స్థలాల్లో, కంచెల మీద దుష్టపు తీగ విరివిగా అల్లుకుంటుంది. జిట్టుపాకు అని కూడా అంటారు. ఆకు హృదయాకారమే, తుంచితే పాలు వస్తాయి. జిల్లేడు కుటుంబానికి చెందిన ఆ తీగలో గుండె మీద పనిచేసే విష పదార్థాలున్నాయి. తిప్పతీగా ఇదీ ఒకే చెట్టు మీద పెనవేసుకుని ఉంటే, చీకటి విడకముందే వచ్చి తెంపేవాళ్లకు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంకొకటి గాడిదగడపాకు. పొలం గట్ల మీద, బీడుల్లో నేలబారుగా పాకుతుంది. పిల్లల కడుపులో పురుగులకు దీన్ని వాడే అలవాటు పల్లెల్లో ఉంది. ఇది అరిస్టలోకియా జాతి మొక్క. ఈ జాతిలో ఉండే అరిస్టలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను ఎండగట్టేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థాల్లో చేర్చింది.

బెల్జియంలో జరిగింది ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో మందులు తీసుకున్న ఆడవాళ్ల మూత్రపిండాలు వరసగా పాడవడం మొదలైంది. చివరికి బాధితులు వందకు పైగా తేలారు. ఆ మందులో చైనా నుంచి తెప్పించిన స్టెఫానియా అనే మూలిక ఉండాలి. ఆ మూలిక తిప్పతీగ కుటుంబానిదే. చైనా పేర్లు దగ్గరగా ఉండటంతో దాని స్థానంలో అరిస్టలోకియా మూలిక వచ్చి చేరింది. చీటీ మీద పేరుంది, డాక్టరున్నాడు, మందుల షాపుంది. అయినా మొక్క మారిపోయింది. మన చేతిలో చీటీ కూడా లేదు.

తర్వాతిది నేల. సరైన తిప్పతీగే దొరికిందనుకుందాం. అది పెరిగింది తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు అంచునో, జామై ఉస్మానియా రైలు పట్టాల పక్కనో, మురుగు కాలువ ఒడ్డునో అయితే అది మందుకు పనికిరాదు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. కానీ అంతకుముందు దశాబ్దాల పాటు పొగలో వచ్చి రోడ్డు పక్క మట్టిలో దిగిన సీసం ఎక్కడికీ పోదు. కుళ్లదు, ఆవిరి కాదు. మూలికల్లో సీసం పదిలక్షల పాళ్లకు 10 పాళ్లు, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 మించకూడదని ఆయుర్వేద మందులు తయారుచేసేవాళ్లకు హద్దులున్నాయి. దారిలో తెంపిన తీగకు ఆ పరీక్ష ఎవరూ చేయరు. దానికి తోడు ఎక్కడ కలుపు మందు కొట్టారో, ఎక్కడ దోమల మందు పొగ పెట్టారో కోసేవాళ్లకు తెలియదు. కడిగితే దుమ్ము పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్నది పోదు.

తిండిలో కలిసిన మొక్క కాలేయాన్ని ఎలా చెరుస్తుందో తేల్చిన వాళ్లు మన తార్నాకలోనే ఉన్నారు. 1970ల్లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లా పల్లెల్లో జనానికి పొట్టలో నీరు చేరి ప్రాణాలు పోయాయి. కారణం వెతకడానికి వెళ్లినవాళ్లలో ఇక్కడి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలున్నారు. అక్కడివాళ్లు తినే సామల్లో గిలిగిచ్చ జాతి కలుపు మొక్క గింజలు కలిశాయని, వాటిలోని విషం కాలేయం లోపలి సన్నటి రక్తనాళాలను మూసేసిందని తేలింది. ఎవరూ విషమని తెలిసి తినలేదు. కలిసిపోయిన గింజలను వేరు చేయకుండా తిన్నారు. ఆ సంస్థ గేటు ముందు నుంచే మనం రోజూ వెళ్తుంటాం.

కాబట్టి తిప్పతీగ కావాలనుకునేవాళ్లు దాన్ని ఇంట్లో పెంచుకోవడమే మేలు. దీనికి పెద్ద దొడ్డి అక్కర్లేదు. డాబా మీద, బాల్కనీలో ఎండ తగిలే మూల చాలు. ముందుగా నారు ఎక్కడిదో చూసుకోండి. ఫుట్‌పాత్ మీద బండివాడు ‘గిలోయ్’ అని తిప్పతీగ హిందీ పేరు చెప్పి ఇచ్చింది నాటొద్దు. బోడుప్పల్‌లో ఔషధ, సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లోనే వృక్షశాస్త్ర విభాగం ఉంది. ద్రవ్యగుణం, అంటే ఆయుర్వేదంలో మూలికల శాస్త్రం, చదివిన వైద్యుడికో, వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడికో ఆకు, కాండం, వీలైతే పువ్వు చూపించి, వాళ్లు అవునన్నాకే ఆ తీగ నుంచి ముక్క తీసుకోండి. ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లను ఈ పనికి నమ్మొద్దు. ఒకే జాతిలోని రెండు తీగలను విడదీయాల్సిన చోట అవి తడబడతాయి.

నాటడానికి ఇదే అదును. పెన్సిలంత లావు, జానెడు పొడవు, రెండు మూడు కణుపులున్న కాండం ముక్క తీసుకుని, వేరు వైపు కొస కిందికి వచ్చేలా మట్టిలో నిలబెట్టాలి. తలకిందులుగా నాటితే బతకడం కష్టం. కుండీ కనీసం అడుగున్నర లోతుండాలి, అడుగున రంధ్రాలుండాలి. నీళ్లు నిలిస్తే ముక్క కుళ్లిపోతుంది. పెయింట్ డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు కుండీలుగా వాడొద్దు. తార్నాకలో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట నుంచి మట్టి తెచ్చుకోవద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని కట్టడి చేసే నిబంధనలు 2016లో గానీ రాలేదు. అంతకుముందు గోడలకు పూసిన రంగంతా ఆ మట్టిలోనే పెచ్చులుగా పడి ఉంటుంది. శుభ్రమైన ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపితే చాలు. తిప్పతీగ అంతకు మించి అడగదు.

పాకడానికి ఒక కర్రో, తాడో ఇవ్వండి. వేప మీద పాకిన తిప్పతీగ శ్రేష్ఠమంటారు కదా అని ఏ చెట్టు కనిపిస్తే దానికి ఎక్కించొద్దు. ముఖ్యంగా గన్నేరుకు దగ్గరగా పెట్టొద్దు. కోసేటప్పుడు ఒక ఆకు కలిసినా ప్రమాదమే. కేరళలో గన్నేరు విషం గురించిన ఆందోళన తర్వాత 2024లో తిరువాంకూర్ దేవస్వం బోర్డు తన ఆలయాల నైవేద్యాల్లో, ప్రసాదాల్లో ఆ పువ్వు వాడకాన్నే ఆపేసింది. మనీప్లాంట్ కుండీలో కూడా కలిపి నాటొద్దు. రెండు తీగలూ అల్లుకుంటే చూపు తక్కువైన పెద్దవాళ్లు ఏది తుంచుతారో చెప్పలేం.

పిండినల్లి పట్టినప్పుడు చాలామంది గులాబీలకు కొట్టే మందే దీనికీ కొడతారు. అది మొక్క రసంలోకి ఎక్కి ఉండిపోయే మందు. మీరు కషాయం కాచేది ఆ రసాన్నే. పలచని సబ్బు నీళ్లతో తుడిచి, తర్వాత మంచినీళ్లతో కడగండి. వేపనూనె పిచికారీ చేసినా సీసా పిల్లలకు అందకుండా దాచండి. పసిపిల్లలకు వేపనూనె తాగించి ప్రాణాల మీదికి తెచ్చిన సంఘటనలు మన దేశంలోనే ఉన్నాయి. ఇంకొక చిన్న పని ఈ వారమే చేయండి. ఆకు నిండుగా ఉన్నప్పుడే కుండీకి మొక్క పేరు, తెచ్చిన చోటు, నాటిన తేదీ రాసి కట్టండి. ఎండాకాలంలో ఆకు రాలాక, మీరు ఊళ్లో లేనప్పుడు, ఇంట్లో ఇంకొకరు కోయాల్సి వస్తే ఆ చీటీయే దిక్కు.

తిప్పతీగ గురించి ఇంత రాసి బిళ్ళగన్నేరును వదిలేస్తే తప్పవుతుంది. దాని ఆకులు నమిలితే షుగర్ తగ్గుతుందని నమ్మేవాళ్లు ప్రతి కాలనీలో ఉన్నారు. 1950ల్లో కెనడాలో రాబర్ట్ నోబుల్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఈ నమ్మకాన్నే పరీక్షించాడు. జమైకా నుంచి వచ్చిన ఆకుల సారాన్ని ఎలుకలకు ఎక్కించి చూస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయి ఎలుకలు చనిపోయాయి. ఆ మొక్క నుంచే క్యాన్సర్‌కు వాడే విన్‌బ్లాస్టిన్ వచ్చింది. క్యాన్సర్ ఆసుపత్రిలో లెక్కకట్టి, రక్తపరీక్షలు చేసి ఎక్కించే మందు పుట్టిన మొక్కను పెరట్లో గుప్పెడు కోసి నమలడం ఎంత సాహసమో ఆలోచించండి.

తిప్పతీగ ఎవరు అసలు ముట్టకూడదో ఇప్పుడు చెబుతాను. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు వైద్యుడు చెప్పనిదే తాగొద్దు. కాలేయ జబ్బున్నవాళ్లు, లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లు దూరంగా ఉండాలి. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు దీనితో చక్కెర మరీ పడిపోవచ్చు. మిగతావాళ్లకు కూడా మూరలతో కొలిచి తాగే మందు కాదిది. ఆయుర్వేద ఫార్మకోపియాలో దీని పొడి మోతాదు 3 నుంచి 6 గ్రాములు. ఎవరికి, ఎన్ని రోజులు అన్నది చదువుకున్న వైద్యుడు నిర్ణయించాలి. ఇంటిల్లిపాదికీ ఏళ్ల తరబడి ఒకే గ్లాసు పోయమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

డెంగీలో అయితే ఇంకా జాగ్రత్త. ఆ జ్వరం తనంత తానే కాలేయాన్ని వాచేలా చేస్తుంది. దాని మీద పారాసెటమాల్ మోతాదు మించి, ఆ పైన పేరు తెలియని తీగ కషాయం పడితే ఏది దేని వల్ల జరిగిందో డాక్టరు కూడా చెప్పలేని పరిస్థితి వస్తుంది. జ్వరం తగ్గాక కూడా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం కనిపిస్తే కషాయంతో గంటలు గడపకండి, ఆసుపత్రికి వెళ్లండి.

విశ్వవిద్యాలయం వారికి ఒక విన్నపం. మీ విశ్వవిద్యాలయానికి వందేళ్లు దాటాయి. మీ క్యాంపస్‌లో చెట్లకు కొదవ లేదు, వాటిని గుర్తుపట్టే చదువుకూ కొదవ లేదు. నడకదారుల పక్కన ‘ఇక్కడి మొక్కలు కోసి తినకండి’ అని తెలుగులో, ఉర్దూలో బోర్డులు పెట్టండి. కలుపు మందు కొట్టిన చోట తేదీ రాసి తెలియజేయండి. ఈ వానాకాలంలో ఒక్క ఆదివారమైనా వృక్షశాస్త్ర విద్యార్థులను కూర్చోబెట్టి, చుట్టుపక్కల కాలనీల వాళ్లు తెచ్చే ఆకులూ తీగలూ చూసి పేర్లు చెప్పించండి.

ఇప్పటికే తిప్పతీగ తాగుతున్న పాఠకులు ఇవాళే ఆపి, ఈ వారంలో కాలేయం పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ రక్తపరీక్ష చేయించుకోండి. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆకలి చచ్చిపోయినా, ఒళ్లు దురద పెట్టినా ఆ రోజే డాక్టరును కలవండి. ఏం తాగారో దాచకుండా చెప్పండి. మిగిలిన తీగ ముక్కను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. పిల్లలు ఏదైనా ఆకో, కాయో మింగితే 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. ఇది ఉచితం, ఈ నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో ఇప్పుడే రాసిపెట్టుకోండి.